అద్దానికి అతుక్కున్న పాత ఫోటో, కలంకారీ గుడ్డ: పటం ఎలా కట్టించాలి?

ప్రశ్న: మా అమ్మమ్మ, తాతయ్యల పెళ్లి ఫోటో ఒకటుంది. 1958 నాటిది, నలుపు తెలుపు. స్టూడియో వాళ్లే మందపాటి అట్ట మీద అతికించి ఇచ్చారు. అట్టతో కలిపి 10×12 అంగుళాలు. ఎప్పుడో కట్టించిన పటం, వెనక ప్లైవుడ్డు, ముందు అద్దం. ఇప్పుడు కింది ఎడమ మూల అద్దానికి అతుక్కుపోయి తడి మరకలా కనిపిస్తోంది. అక్కడక్కడ తెల్లటి మచ్చలు కూడా ఉన్నాయి. షాపులో అడిగితే "ఊడదీసి లామినేషన్ చేసేస్తాం, ఇక ఎప్పటికీ పాడవదు" అన్నారు. శ్రీకాళహస్తిలో కొన్న 2×3 అడుగుల కలంకారీ గుడ్డ, మా అమ్మాయి వేసిన వాటర్‌కలర్ బొమ్మ కూడా కట్టించాలి. షాపు వాళ్లకు ఏం చెప్పాలి? ఏవి మేమే చేసుకోవచ్చు? (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం:

ఆ ఫోటోను లామినేషన్‌కు ఇవ్వకండమ్మా. లామినేషన్ అంటే ఫోటో వెనక జిగురు పూసి, కలప పీచును నొక్కి చేసే ఎమ్‌డీఎఫ్ చెక్కకు అంటించి, ముందు వైపు జిగురున్న ప్లాస్టిక్ పొరను రోలరుతో నొక్కడం. ఒకసారి పడ్డాక ఆ రెండూ మళ్లీ ఊడిరావు. పదేళ్ల తర్వాత ప్లాస్టిక్ పచ్చబడినా, సముద్రపు గాలికి చెక్క అంచులు ఉబ్బినా, ఫోటోను విడదీసి బాగుచేసే దారి ఉండదు. పొరను లాగితే దానితోపాటు బొమ్మే లేచి వస్తుంది. కొత్తగా తీయించిన కాపీకి లామినేషన్ చేయించుకుంటే చేయించుకోండి, అది పాడైతే ఇంకొకటి వేయించుకోవచ్చు. మీ దగ్గర ఒకే ఒక్కటిగా ఉన్న దేనికైనా, రేపు విప్పాలనుకుంటే మచ్చ పడకుండా విప్పగలిగే పద్ధతే కావాలి. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోనే చెబుతున్నాం.

ఫోటో ఎందుకు అతుక్కుందో తెలిస్తే ఏం చేయకూడదో కూడా తెలుస్తుంది. ఆ కాలపు ఫోటోలో బొమ్మ కాగితంలో ఉండదు. కాగితం మీద పూసిన జెలటిన్ పొరలో సన్నని వెండి రేణువులుగా ఉంటుంది. జంతువుల ఎముకల నుంచి, తోళ్ల నుంచి తీసే ఈ జెలటిన్ తేమ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, ఆరితే బిగుసుకుంటుంది. అద్దానికి ఆనుకుని ఉన్నప్పుడు మెత్తబడితే అద్దానికే అంటుకుని అక్కడే ఆరిపోతుంది. మీది కింది మూల కాబట్టి తేమ ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. పటం తుడిచేటప్పుడు అద్దం మీద నేరుగా నీళ్లు గానీ స్ప్రే గానీ కొడితే, అది జారి కింది చట్రం గాడిలోకి దిగుతుంది. అక్కడి నుంచి అద్దానికీ ఫోటోకీ మధ్య సందులో పైకి పాకుతుంది. తడి పూలదండ వేసినా ఇదే జరుగుతుంది. ఇక ముందు తుడిచేటప్పుడు గుడ్డనే కొద్దిగా తడిపి, గట్టిగా పిండి తుడవండి.

తెల్ల మచ్చలు రెండు రకాలుగా ఉండవచ్చు. పటాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వాలుగా పట్టి చూడండి. నల్లగా ఉండాల్సిన చోట్ల, ముఖ్యంగా అంచుల్లో, నీలిరంగు కలిసిన లోహపు మెరుపు కనిపిస్తే అది బూజు కాదు. జెలటిన్‌లోని వెండి పైకి తేలి మెరుస్తోంది. దాన్ని ముట్టుకోనవసరం లేదు, పాత ఫోటోలకు సహజం. అలా కాకుండా మచ్చ పొడిపొడిగా, దారాలు అల్లుకున్నట్టుగా ఉంటే బూజు. గాలిలో తేమ 65-70 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే బూజు పెరుగుతుంది. కాకినాడలో సంవత్సరంలో చాలా నెలలు అలాగే ఉంటుంది. బూజును తడిగుడ్డతో తుడవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. బూజు తిన్న చోట జెలటిన్ నీటికి కరిగే స్థితిలో ఉంటుంది, ఒక్క తుడుపుతో మొహం చెరిగిపోవచ్చు.

పటం విప్పకముందే దాని ఫోటో తీయించండి. విప్పేటప్పుడు ఏదైనా జరిగినా బొమ్మ మీ దగ్గర ఉంటుంది. అద్దం పైభాగాన్ని పొడిగుడ్డతో తుడిచి, పటాన్ని గోడకు ఆనించి నిలబెట్టి, కెమెరా దానికి సరిగ్గా ఎదురుగా, సమాంతరంగా ఉండేలా స్టాండు మీద పెట్టాలి. ఫ్లాష్ వద్దు. ఒకే రకం దీపాలు రెండు, అటూ ఇటూ 45 డిగ్రీల కోణంలో ఉంచాలి. కెమెరా ముందు నల్ల దుప్పటి కట్టి, లెన్సు మటుకు బయటికి పెడితే అద్దంలో గది ప్రతిబింబం పడదు. ఈ ఏర్పాటు ఇంట్లో కుదరకపోతే, ఉత్పత్తుల ఫోటోలు తీసే స్టూడియోలో అడగండి, వాళ్లకు ఇది రోజువారీ పని.

తర్వాత విప్పడం. బల్ల మీద మందపాటి తువ్వాలు పరిచి పటాన్ని బోర్లా పెట్టండి. వెనక కాగితం ఉంటే అంచు వెంట కోసి తీసేయండి. మేకులను స్క్రూడ్రైవరుతో మీటి లేపవద్దు. అది జారితే ప్లైవుడ్డు ఫోటో మీదికి నొక్కుకుంటుంది. సన్నమూతి కటింగ్ ప్లయరుతో చట్రానికి సమాంతరంగా ఒక్కొక్కటీ లాగాలి. తుప్పుపట్టిన మేకు విరిగితే విరగనివ్వండి, అక్కడే వదిలేసి చట్రాన్నే పైకెత్తేయండి. ప్లైవుడ్డు తీశాక అద్దం, ఫోటో కలిసి ఒక జంటగా మిగులుతాయి. రెండిటినీ కలిపి పట్టుకుని తిప్పి, అద్దం అడుగున, ఫోటో పైన ఉండేలా బల్ల మీద పెట్టండి. ఇప్పుడు అంటుకోని మూల నుంచి ఫోటోను అర అంగుళం మటుకు లేపి చూడండి. తేలిగ్గా వస్తున్నంతవరకే లేపాలి. కాస్త పట్టినట్టు అనిపించినా, చిటపట శబ్దం వచ్చినా అక్కడితో ఆగిపోవాలి.

అతుక్కున్న చోట బ్లేడు, పళ్ల మధ్య దూర్చే దారం, హెయిర్‌ డ్రయ్యరు, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి చిట్కాలు చాలామంది చెబుతారు. వాటిలో ఏదీ మీ ఫోటో మీద ప్రయత్నించవద్దు. నీళ్లలో నానబెట్టి విడదీయడం అనే పద్ధతి నిజంగానే ఉంది, కానీ అది పరిరక్షణ నిపుణుల పని. మీ ఫోటోకు అది ప్రమాదం కావడానికి రెండు కారణాలు. ఒకటి బూజు, ఇందాక చెప్పుకున్నాం. రెండోది, ఆ రోజుల్లో పెళ్లి ఫోటోలకు స్టూడియోల్లో చేత్తో రంగులు అద్దేవారు. బుగ్గలకు, పెదవులకు, చీర అంచుకు కొద్దికొద్దిగా అద్దిన ఆ రంగు నీళ్లలో నిలవకపోవచ్చు. పైగా మీ ఫోటో అట్టకు అతికించి ఉంది. అది నానితే అట్ట ఒక తీరుగా, ఫోటో ఒక తీరుగా సాగి ముడతలు పడతాయి. ఫోటో ఆ అట్ట నుంచి ఊడదీయమని కూడా ఎవరికీ చెప్పవద్దు. అట్ట మీద స్టూడియో పేరు, ఊరు అచ్చొత్తి ఉంటే అది కూడా మీ ఇంటి చరిత్రలో భాగమే.

ఒక మూలే అంటుకుని ఉంటే మా సలహా: అలాగే వదిలేయండి. ఆ అద్దాన్నే ఫోటోకు ఆసరాగా ఉంచి, రెండిటినీ కలిపి అడ్డంగా పడుకోబెట్టి ఒక పెట్టెలో భద్రపరచండి. మొహాల మీదికి వచ్చేంతగా అంటుకుని ఉంటేనే నిపుణులను అడగాలి. వారసత్వ సంపద పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థకు లక్నో, బెంగళూరు లాంటి చోట్ల పరిరక్షణ కేంద్రాలు ఉన్నాయి. పంపే ముందు ఫోటోలు పంపి, ఖర్చు, పద్ధతి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఒకవేళ ఫోటో పూర్తిగా విడివడితే, బూజు విషయం చూడాలి. గాలాడే నీడలో, ఎండ తగలకుండా, రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే జెలటిన్ ఒక్కసారిగా బిగుసుకుని చిట్లుతుంది. ఆరాక మూతికి మాస్కు కట్టుకుని, ఇంటి బయట, పిల్లలు వాడని కొత్త మెత్తటి పెయింటింగు బ్రష్షుతో ఒకే దిశలో పొడిబూజు దులపండి. మచ్చ పోకపోతే పోకపోనీ. రుద్దితే మచ్చతోపాటు బొమ్మ కూడా పోతుంది.

ఇప్పుడు గోడకు ఏది వేలాడదీయాలి? కాపీని వేలాడదీసి, అసలు ఫోటోను పెట్టెలో పెట్టమంటాం. దండ వేస్తారు, అద్దం మీద బొట్టు పెడతారు, కింద అగరొత్తి వెలిగిస్తారు. అమ్మమ్మ తాతయ్యల పటానికి అవి చేయడం సహజం, చేయవద్దని చెప్పలేం. అవన్నీ కాపీకి చేస్తే అసలుకు ఏమీ కాదు. విడివడిన ఫోటో అయితే అట్టతో సహా ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించండి. 10×12 అంగుళాలకు అది 6000×7200 పిక్సెళ్లు, రెట్టింపు సైజులో అచ్చువేసుకున్నా స్పష్టంగా వస్తుంది. నలుపు తెలుపు ఫోటో అయినా రంగుల్లోనే స్కాన్ చేయించాలి. అప్పుడే వయసుతో వచ్చిన గోధుమ ఛాయ, చేత్తో అద్దిన రంగులు నమోదవుతాయి. టిఫ్ ఫైలుగా అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో పంపించుకున్న ఫైలు చాలదు, అది కుదించుకుపోయి వస్తుంది. ప్రింటుకు పిగ్మెంట్ ఇంకు, పత్తి కాగితం అడగండి. మామూలు డై ఇంకు కంటే అది చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది.

అసలునే గోడకు పెట్టాలని మీ మనసుంటే, అదీ చేయవచ్చు, పద్ధతిగా చేస్తే. మూడు సంగతులు తప్పకూడదు: ఫోటో అద్దాన్ని తాకకూడదు, ఫోటోకు జిగురు తగలకూడదు, పక్కనున్న అట్టలో ఆమ్లం ఉండకూడదు.

అద్దానికి, ఫోటోకు మధ్య ఖాళీ ఇచ్చేది మౌంట్, అంటే మధ్యలో కిటికీ కోసిన అట్ట. చాలామంది దాన్ని అందానికే అనుకుంటారు. స్టేషనరీ షాపుల్లో దొరికే మామూలు మౌంట్ బోర్డు కలప గుజ్జుతో చేసింది. కలపలోని లిగ్నిన్ నుంచి కాలంతోపాటు ఆమ్లం పుడుతుంది. పాత పటాల్లో కిటికీ అంచు వెంట ఫోటో మీద గోధుమరంగు గీత పడి ఉండటం చూసే ఉంటారు. అది ఆ ఆమ్లం కాల్చిన గుర్తు. తెల్లగా కనిపించినంత మాత్రాన మంచి అట్ట అయిపోదు. "నూటికి నూరు శాతం పత్తి, మ్యూజియం బోర్డు" అని అడగండి. ఆర్ట్ సామాన్లు అమ్మే పెద్ద షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఫోటోకు వాడేటప్పుడు ఇంకో మెలిక ఉంది. ఆమ్లాన్ని విరిచేందుకు కాల్షియం కార్బొనేట్ కలిపిన అట్టలు కాగితపు బొమ్మలకు మంచివే, ఫోటోలకు మటుకు అది కలపనివి వాడటం మేలు. ఫోటోలకు పనికొచ్చే సామగ్రికి పీఏటీ (ఫోటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్) అనే పరీక్ష ఉంది. ఐఎస్‌ఓ 18916 దాని ప్రమాణం. ప్యాకెట్టు మీద ఆ మాట ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు.

కొలతలు మీ ఫోటోకే వేసి చూపిస్తాం. అట్ట 10×12 అంగుళాలు. నాలుగు వైపులా పావు అంగుళంలో సగం చొప్పున మౌంట్ కప్పాలి, అంటే కిటికీ 9¾×11¾. స్టూడియో పేరు ఆ కొలతలోకి వచ్చేలా చూసుకోండి. మౌంట్ అంచు పైన, పక్కల 2½ అంగుళాలు, కింద 3 అంగుళాలు. కింద కొంచెం ఎక్కువ ఇవ్వకపోతే బొమ్మ కిందికి జారినట్టు కంటికి అనిపిస్తుంది. అలా మౌంట్ బయటి కొలత 14¾×17¼ అవుతుంది. నాలుగు వైపులూ కలిపితే 64 అంగుళాలు. చట్రం పట్టీ వెడల్పు 1 అంగుళం అయితే, మూలల కోతకు దాని వెడల్పుకు 8 రెట్లు కలపాలి: 72 అంగుళాలు, అంటే 6 అడుగులు. రంపంలో పోయేది చూసుకుని 7 అడుగులు కొనండి. చట్రం లోపలి కొలత మౌంట్ కంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ ఉంచమనండి. వానాకాలంలో అట్ట సాగుతుంది. బిగుతుగా దూర్చితే మధ్యలో ఉబ్బి అద్దాన్ని తాకుతుంది.

షాపుల్లో ఎక్కువగా చెడేది గాడి లోతు దగ్గర. గాడి అంటే చట్రం పట్టీలో అద్దం, అట్టలు కూర్చునే చోటు. అద్దం 2 మిల్లీమీటర్లు, మౌంట్ 1.5, మీ ఫోటో అట్ట 2, దాని వెనక ఇంకో పత్తి అట్ట 1.5, చివరి షీటు 3. మొత్తం 10 మిల్లీమీటర్లు. మీ ఊరి తేమకు ఒక మౌంట్ చాలదు, రెండు వేయించండి, అప్పుడు 11.5. గాడి లోతు కనీసం 14-15 మిల్లీమీటర్లు ఉన్న పట్టీ ఎంచుకోవాలి. లోతు చాలకపోతే షాపు వాళ్లు మౌంట్ తీసేసి, లేదా గట్టిగా నొక్కి మేకులు కొట్టేస్తారు. పైకి బాగానే కనిపిస్తుంది, ఫోటో మళ్లీ అద్దాన్ని ముద్దుపెట్టుకుంటుంది.

వెనక ప్లైవుడ్డు, హార్డ్‌బోర్డు వద్దు. రెండిటిలోనూ ఆమ్లం ఉంటుంది, చెద కూడా పడుతుంది. సన్‌ప్యాక్ షీటు వేయించండి. అది గొట్టాలు గొట్టాలుగా ఉండే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్, తేలిక, తేమ పీల్చదు. పేరు దగ్గరగా ఉందని సన్‌బోర్డు ఇస్తే తీసుకోకండి. అది పీవీసీ నురుగుతో చేసింది, పాతబడితే ఆమ్లపు ఆవిరి వదులుతుంది.

ఫోటోను ఆ వెనక అట్టకు పట్టి ఉంచడానికి జిగురు కాకుండా మూలలు వాడాలి. పారదర్శకమైన పాలిస్టర్ మూలలు దొరుకుతాయి. దొరక్కపోతే ఆమ్లం లేని కాగితాన్ని అంగుళం వెడల్పు పట్టీగా కోసి, పడవ మొన చేసినట్టు రెండు వైపులా మడిచి త్రికోణపు జేబులా చేసుకోవచ్చు. ఫోటో మూల ఆ జేబులో దూరుతుంది. జిగురు టేపు జేబుకు, అట్టకు మధ్యే ఉంటుంది. మూల బిగుతుగా కాకుండా ఒక మిల్లీమీటరు వదులు ఉంచండి. మీ ఫోటో బరువైన అట్ట మీద ఉంది కాబట్టి, కింది అంచుకు ఆసరాగా అదే మందం పత్తి అట్ట పట్టీని అంటించి దాని మీద నిలబెడితే మూలల మీద భారం పడదు.

చివర్లో అద్దం, మౌంట్, ఫోటో, వెనక షీటు అన్నీ ఒక కట్టగా పేర్చి, అంచుల చుట్టూ అల్యూమినియం టేపు వేసి మూసేయించండి. దుమ్ము, పురుగులు, వానాకాలపు తేమ హఠాత్తుగా లోపలికి దూరకుండా ఇది ఆపుతుంది. కానీ మూసే రోజు ఎండ కాసే పొడి రోజు కావాలి. వాన పడుతుండగా మూస్తే ఆ తేమంతా లోపలే బందీ అవుతుంది. కలరా ఉండలు లోపల పెట్టవద్దు. వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది.

అమ్మాయి వాటర్‌కలర్‌కు పద్ధతి వేరు. కాగితం తేమకు సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. నాలుగు వైపులా టేపు వేస్తే సాగడానికి చోటు లేక అలలు అలలుగా లేస్తుంది. సెల్లోటేపు అయితే మరీ చేటు: దాని జిగురు పచ్చబడి, కారి, కాగితంలోకి ఇంకిపోతుంది. బొమ్మను పై అంచు నుంచి రెండు చోట్ల వేలాడదీయాలి, కింద, పక్కల వదిలేయాలి. దీనికి జపాన్ టిష్యూ గానీ, పలచటి నేపాలీ కాగితం గానీ అర అంగుళం వెడల్పు, అంగుళంన్నర పొడవు ముక్కలుగా చింపండి. కత్తిరించవద్దు. చింపిన అంచు పీచుపీచుగా ఉండి మెత్తగా కలిసిపోతుంది, బొమ్మ మీద గీత పడదు. ముక్క కింది చివర 5 మిల్లీమీటర్లు బొమ్మ వెనక పై అంచుకు అంటించి, మిగతాది పైకి వదలండి. పైకి వచ్చిన దాని మీద అడ్డంగా రెండో ముక్క పెట్టి వెనక అట్టకు అంటిస్తే టీ ఆకారం వస్తుంది. జిగురు గోధుమ గంజిపొడిది. ఒక వంతు పొడికి నాలుగైదు వంతుల నీళ్లు కలిపి, సన్నమంట మీద కలుపుతూ అరగంట ఉడికించి, చల్లారాక జల్లెడ పట్టాలి. పెరుగంత చిక్కదనం ఉంటే సరి. పలచగా పూసి, పైన బ్లాటింగు కాగితం, దాని మీద బరువు పెట్టి గంటసేపు వదలండి. గంజిపొడి, మైదాపిండి ఒకటి కాదు. మైదాలో ఉండే జిగట పదార్థం పురుగుల్ని పిలుస్తుంది. పుస్తకాలు కుట్టేవాళ్లు పురుగు పట్టకుండా మైదా జిగురులో కలిపే మైలుతుత్తం కాగితానికి, ఫోటోకు రెండిటికీ చేటు చేస్తుంది. తెల్ల ఫెవికాల్ లాంటి జిగురు ఎండితే మళ్లీ శుభ్రంగా ఊడదు, అదీ వద్దు. పటం ఎప్పుడైనా కింద పడితే చిరగాల్సింది ఆ టిష్యూ ముక్క, బొమ్మ కాదు. అందుకే దాన్ని కావాలనే బలహీనంగా ఉంచుతాం.

కలంకారీ గుడ్డ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే షాపుల్లో దీన్నే ఎక్కువ పాడుచేస్తారు. శ్రీకాళహస్తి గుడ్డను పాలలో, కరక్కాయ రసంలో తడిపి, ఆ మీద కలంతో గీస్తారు. నల్లగీతకు బెల్లపు నీళ్లలో ఇనుప తుక్కు ఊరబెట్టి తీసిన రంగు వాడతారు. కరక్కాయలోని వగరుతో ఇనుము కలిసి నల్లబడుతుంది. చూడటానికి అంత అందంగా ఉండే ఆ నల్లగీతే గుడ్డకు బలహీనమైన చోటు. ఇనుము ఏళ్ల తరబడి నూలును లోపలి నుంచి తినేస్తుంది. పాత కలంకారీల్లో గుడ్డ బాగానే ఉండి, నల్లగీతల వెంట కోసినట్టు చినిగి ఉండటానికి కారణం ఇదే. అందుకని ఈ గుడ్డను చెక్క చట్రానికి లాగి బిగించి, స్టేపిలు పిన్నులు కొట్టించకూడదు. లాగిన బిగువంతా ఆ గీతల మీదే పడుతుంది. ప్లైవుడ్డుకు జిగురుతో అంటించడం ఇంకా ఘోరం.

చేయవలసింది కుట్టు. తెల్లబరచని కోరా గుడ్డను వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి, గంజి పోయి, ముడుచుకునేంత ముడుచుకున్నాక ఆరబెట్టండి. కలంకారీ చుట్టూ 2 అంగుళాల అంచు కనిపించాలంటే 28×40 అంగుళాల పత్తి అట్ట కావాలి. ఆ సైజు దొరక్కపోతే సన్‌ప్యాక్ షీటు మీద ఆమ్లం లేని కాగితం పరిచి వాడుకోవచ్చు. కోరా గుడ్డను ఆ అట్ట మీద పరిచి వెనక్కి 3 అంగుళాలు మడిచి, వెనక వైపు ఎదురెదురు అంచులను దారంతో అల్లి బిగించండి. బిగువు కోరా గుడ్డ భరిస్తుంది, కలంకారీ దాని మీద ఊరికే విశ్రమిస్తుంది. మడతల గీతలుంటే కలంకారీని రెండు తెల్లటి నూలు గుడ్డల మధ్య పరిచి, పైన బరువు పెట్టి నాలుగైదు రోజులు వదలండి. అప్పటికీ పోకపోతే వెనక వైపు నుంచి, మధ్యలో గుడ్డ వేసి, ఆవిరి లేకుండా తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి.

సన్నని నూలుదారం, సన్నని సూది. పై అంచు మధ్యలో మొదలుపెట్టి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వెళ్లాలి. పైన కనిపించే కుట్టు 2-3 మిల్లీమీటర్లు, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఒక సెంటీమీటరు. సూది దారాల మధ్య సందులో దిగాలి, దారాన్ని చీల్చకూడదు. నల్లగీత మీద పొరపాటున కూడా కుట్టు వేయవద్దు. పక్కలు, కింది అంచు వదులుగా కుట్టండి. వంకీ సూది వాడితే అట్టకు రంధ్రాలు చేయకుండా కోరా గుడ్డలోనే కుట్టు వేసుకోవచ్చు. ఓపిక ఉంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది, షాపు వాళ్ల కంటే మీరే బాగా చేస్తారు.

దీనికి అద్దం బదులు అక్రిలిక్ షీటు, అంటే గాజులా కనిపించే ప్లాస్టిక్, మంచిది. 28×40 అంగుళాలకు 3 మిల్లీమీటర్ల అద్దం దాదాపు 5.4 కిలోలు తూగుతుంది, అంతే మందం అక్రిలిక్ 2.6 కిలోలు. పగిలినా గుడ్డను కోయదు. అతినీలలోహిత కిరణాలను ఆపే రకం కూడా దొరుకుతుంది. అయితే అది ఆపినంత మాత్రాన రంగు వెలవకుండా ఉండదు, కంటికి కనిపించే వెలుతురు కూడా రంగును తింటుంది. సహజ రంగుల్లో పసుపు అన్నిటికంటే ముందు వెలుస్తుంది, ఆకుపచ్చలో పసుపు పోయి నీలం మిగులుతుంది. మ్యూజియంలలో గుడ్డలకు, కాగితపు బొమ్మలకు వెలుతురు 50 లక్సులు (లక్సు వెలుతురుకు కొలమానం) దాటకుండా చూస్తారు. నేరుగా పడే ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. అక్రిలిక్‌కు, గుడ్డకు మధ్య 5 మిల్లీమీటర్ల పట్టీ పెట్టించండి. ఇంట్లో ఎవరైనా పొడిరంగులతో, బొగ్గుతో గీసిన బొమ్మలుంటే వాటికి మటుకు అక్రిలిక్ వాడకూడదు. తుడిచినప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు ఆ పొడిని లాగేస్తుంది.

వేలాడదీసే చోటు: వాన కొట్టే బయటి గోడ, స్నానాలగది గోడ, పడమటి ఎండ పడే గోడ వద్దు. దీపం పొగ తగిలే పూజగది, వంటింటి పక్క కూడా వద్దు. ఏసీ గాలి నేరుగా కొట్టే చోట అద్దం చల్లబడి, ఏసీ ఆపగానే లోపల చెమ్మ పడుతుంది. చట్రం వెనక కింది రెండు మూలలకు 5 మిల్లీమీటర్ల కార్కు ముక్కలు అంటిస్తే గోడకు, పటానికి మధ్య గాలి ఆడుతుంది, కింది వైపు చెమ్మ నిలవదు. కొక్కేలు రెండు, చట్రం ఎత్తులో పై నుంచి మూడో వంతు దగ్గర. పెద్ద పటానికి ఒకే మేకు చాలదు, రెండు ఫిషర్ ప్లగ్గులు వేయించండి. వానలు వెనకబట్టాక, ఏటా ఒకసారి, దించి వెనక్కి తిప్పి చూడాలి. సన్నని పిండి రాలుతున్నా, మట్టి గీత కనిపించినా చెద లేదా పురుగు పడిందని అర్థం, అదే రోజు విప్పాలి.

ఒక పని మిగిలింది. పెళ్లి ఫోటోలో ఎవరెవరు ఉన్నారో, ఏ ఊళ్లో పెళ్లి జరిగిందో, ఇప్పుడు తెలిసినవాళ్లను అడిగి రాయండి. ఫోటో వెనక బాల్‌పెన్నుతో రాయవద్దు. ఒత్తిడికి గీత ముందు వైపు తేలుతుంది, సిరా కూడా ఇంకుతుంది. పత్తి కాగితం మీద మెత్తటి పెన్సిలుతో ఎడమ నుంచి కుడికి పేర్లు వరసగా రాసి, పటం ఎప్పుడు కట్టారో, లోపల ఏ అట్ట, ఏ జిగురు వాడారో కూడా చేర్చండి. ఆ కాగితాన్ని ఒక కవరులో పెట్టి, కవరును సన్‌ప్యాక్ షీటు బయటి వైపు అంటించండి, పటం విప్పకుండానే చదువుకునేలా.